యంత్రపు ఉలి – చేతి ఉలి



ద్వారబంధముపై గజలక్ష్మి, పూజామందిరపు తలుపులపై హంసలు, పందిరిమంచపు కోళ్లకు తామరమొగ్గలు — ఇట్లు కొయ్యపై బొమ్మలు చెక్కించుకొనుట మన గృహస్థులకు క్రొత్త కాదు. ఏ కాలమువారు ఆ కాలమున తమకు ప్రియమైన దానిని చెక్కించుకొనిరి. నేటి పిల్లలకు, యువకులకు ప్రియమైన రూపములలో వీడియో ఆటలలోనివి పెక్కు కలవు. అట్టి రూపమొకటి కొయ్యపై చెక్కించి, చదువుకొను గది గోడకు తగిలించుకొనవలెనని వారు కోరుచున్నారు. చెక్కుటకు సి.ఎన్.సి. యంత్రములు పట్టణములలో దొరకుచున్నవి. మేజాబల్లపై ఇముడునంత చిన్నవియు వచ్చినవి.

ఇట్టి అలంకార ఫలకము నొకదానిని మొదటినుండి తుదివరకు ఎట్లు చేయవలెనో నేడు మనవి చేయుదుము. దానితోపాటు ఇంటి పెద్దలు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: యంత్రమే చెక్కునప్పుడు మనుష్యుని చేతికి మిగులు పని యేది? దీనికి సమాధానము ఉపన్యాసపు తుదిని విడిగా చెప్పము. అది పనిలోనే దొరకును.

మొదట రూపమును ఎన్నుకొనవలెను. మేము ఎన్నుకొనినది స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటలోని పీత వంటి జీవి. ఈ ఆట 1978లో జపాను దేశమున టైటో సంస్థ వెలువరించినది. దానిని రూపొందించినవారు తొమొహిరో నిషికాడో. ఆకాశమునుండి 5 వరుసలుగా, వరుసకు 11 చొప్పున, 55 వింత జీవులు దిగివచ్చుచుండును. క్రిందనున్న ఫిరంగితో ఆటగాడు వానిని కొట్టవలెను. ఆ జీవులు ఎనిమిదికాళ్ల సముద్రజంతువును, పీతను, మరియొక మెత్తని జలచరమును పోలియుండును. ఇందుకొక కారణము కలదు. ఎచ్.జి. వెల్స్ 1898లో వెలువరించిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' అను నవలలో అంగారకుడినుండి వచ్చిన జీవులకు తీగలవంటి బాహువులుండును. నిషికాడో వానినుండి ఊహను గ్రహించెను. రేడియో శ్రోతలకు ఈ నవల మరియొక విధముగను చుట్టమే. 1938 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో ఆర్సన్ వెల్స్ రేడియో నాటకముగా ప్రసారము చేసినది ఈ కథనే.

ఈ ఆటను గూర్చి ఒక విశేషము చెప్పవలెను. దాని లోపల నుండినది ఇంటెల్ 8080 అను గణకఖండము. 1978లో అది మంచిదే గాని, 55 బొమ్మలను ఒక్కసారిగా వేగముగా కదలించుటకు దాని శక్తి చాలలేదు. అందుచే ఆట మొదట జీవులు మెల్లగా నడచెడివి. ఆటగాడు ఒక్కొక్క జీవిని కొట్టుచున్నకొలది, గీయవలసిన బొమ్మలు తగ్గి, మిగిలినవి త్వరత్వరగా కదలజొచ్చినవి. నిషికాడో దీనిని లోపమని దిద్దక, అట్లే ఉంచెను. శత్రువు తగ్గినకొలది వేగము పెరుగుట ఆ ఆటకు ప్రాణమైనది. పనిముట్టుకు గల హద్దును ఎరిగి, దానినే గుణముగా మార్చుకొనుట ఇట్లుండును. మనము చేయబోవు కొయ్యపనిలోను ఇదే సూత్రము మాటిమాటికి ఎదురగును.

ఇప్పుడు శ్రోతలు ఒక గళ్ల కాగితమును, పెన్సిలును దగ్గర నుంచుకొనుడు. పిల్లలనుగూడ పిలువుడు. అడ్డముగా 11 గళ్లు, నిలువుగా 8 వరుసలు గల చట్రమును గీయుడు. గళ్లను ఎడమనుండి లెక్కింపుడు. మేము చెప్పిన గళ్లను నల్లగా నింపుడు.

మొదటి వరుసలో 3, 9 గళ్లు. రెండవ వరుసలో 4, 8. మూడవ వరుసలో 3 మొదలు 9 వరకు అన్నియు. నాలుగవ వరుసలో 2, 3. పిమ్మట 5, 6, 7. పిమ్మట 9, 10. ఐదవ వరుసలో పదునొకండు గళ్లును. ఆరవ వరుసలో 1, 3 మొదలు 9 వరకు, 11. ఏడవ వరుసలో 1, 3, 9, 11. ఎనిమిదవ వరుసలో 4, 5, 7, 8.

కాగితమును చేయిచాచి దూరముగా పట్టి చూడుడు. తలపై రెండు మీసములు, రెండు కన్నులు, ఇరువైపుల చేతులు, క్రింద పాదములు గల పీత కనబడును. నింపిన గళ్లు 46. విడిచిన గళ్లు 42. ఆరవ నిలువు వరుసను నడుమ నుంచినచో, ఎడమ కుడి ఒక్కటే. ధనుర్మాసమున వాకిట చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేయు ఆడువారికి ఈ పద్ధతి ఎవరును నేర్పనక్కరలేదు. చుక్కల లెక్క తెలిసిన ముగ్గును ఊరు దాటించుటకు బొమ్మ అక్కరలేదు, లెక్క చాలును. ఇప్పుడు మేము మాటలతోనే మీ కాగితముపైకి పీతను పంపినట్లు, అంకెలతోనే యంత్రమునకు పనిని పంపవచ్చును. సి.ఎన్.సి. యనగా ఇదియే: కంప్యూటరు చదివి ఇచ్చిన అంకెలచొప్పున నడచు యంత్రము.

అంకెలచే యంత్రమును నడపు ఊహకు పాత వంశమే కలదు. ఫ్రాన్సు దేశపు జకార్డు 1804 ప్రాంతమున రంధ్రములు గల అట్టలతో మగ్గముపై పూవులు దింపెను. మన ధర్మవరపు చీరల అంచులకు జకార్డు అట్టలు నేతగాండ్రకు నిత్యపరిచయములే. లోహమును చెక్కుటలో ఈ ఊహను ప్రవేశపెట్టినవారు అమెరికా దేశపు జాన్ పార్సన్స్. హెలికాప్టరు రెక్కల వంపులను ఖచ్చితముగా తయారుచేయవలసి వచ్చి, వంపును బిందువులుగా విడగొట్టి, ఒక్కొక్క బిందువునకు లెక్కగట్టి, ఆ లెక్కచొప్పున యంత్రమును నడుపవచ్చునని ఆయన తలచెను. అమెరికా వాయుసేన సహాయముతో 1949లో పని ప్రారంభమై, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ ప్రయోగశాలలో 1952 సెప్టెంబరున అట్టి యంత్రము ప్రదర్శింపబడెను. అది రంధ్రములు గల కాగితపు పట్టీని చదివి నడచెడిది. కాగితపు పట్టీ పోయి కంప్యూటరు వచ్చుటచే ఆ పేరులో కంప్యూటరు చేరినది.

మన యంత్రము స్వరూపము చెప్పుదుము. ఒక బల్ల, దానిపై అటునిటు జరుగు వంతెన వంటి చట్రము, ఆ చట్రముపై కదురువలె తిరుగు మోటారు, మోటారు కొనకు బిట్టు అను కోతపనిముట్టు. బిట్టు కుడియెడమలకు, ముందువెనుకలకు, పైకిక్రిందికి — మూడు దిక్కుల కదలగలదు. కదలించునవి స్టెప్పర్ మోటార్లు. ఇవి ఆగకుండ తిరుగునవి కావు. అడుగులు లెక్కపెట్టుకొనుచు తిరుగును. సాధారణముగా ఒక చుట్టునకు 200 అడుగులు. ఒక చుట్టునకు 8 మిల్లీమీటర్లు ముందునకు నడపు మరయున్నచో, ఒక అడుగునకు 0.04 మిల్లీమీటరు. ఇంత సన్నని కొలత మనుష్యుని చేతికి సాధ్యము కాదు.

యంత్రమునకు మన ఆజ్ఞలు జి-కోడ్ అను భాషలో అందును. జి0 అనగా గాలిలో వేగముగా పొమ్మని. జి1 అనగా కోయుచు తిన్నగా పొమ్మని. ఎం3 అనగా కదురును తిప్పుమని. ఎం5 అనగా ఆపుమని. జి21 అన్నచో కొలతలు మిల్లీమీటర్లు. జి20 అన్నచో అంగుళములు. ఈ ఒక్క మాట తారుమారైనచో బొమ్మ 25.4 రెట్లు పెరుగును, లేక తరుగును. యంత్రము అడ్డుచెప్పదు. పనివానికి "అయ్యా, ఇది పొరపాటేమో" యని అడుగు అలవాటు కలదు, యంత్రమునకు లేదు. కావున మొదటిసారి బిట్టును పలకకు పైగా ఎత్తియుంచి, గాలిలో ఒకసారి పని అంతయు నడిపించి చూచుట మంచి ఆచారము.

ఇక కొయ్య. మా ఫలకమునకు 300 మిల్లీమీటర్ల పొడవు, 240 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందము గల ఆరిన టేకు పలక కావలెను. కొయ్యనార పొడవు వెంబడి నడువవలెను. ఇండ్లలో పాత తలుపు రెక్కలు, విరిగిన మంచపు పలకలు ఉన్నచో అవియే శ్రేష్ఠములు. ఎన్నో వేసవులు, ఎన్నో వానలు చూచినవి గనుక వంగుట తక్కువ. వానిలో విరిగిన మేకు ముక్క ఒక్కటి దాగియున్నను బిట్టు పగులును గనుక, అయస్కాంతముతో పలకయంతయు తడవి చూడవలెను. టేకులో ఇసుకజాతికి చెందిన సిలికా కలదు. అందుచే బిట్టు పదును త్వరగా తరుగును. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి తేలికయైనది, బొమ్మకు తగినది; గాని మన పీతకు గల చదరపు అంచులు అంత మెత్తని కొయ్యలో నలిగి నూగుదేరును. ఏ కొయ్య ఏ పనికి తగునో తెలిసికొనుట ఇక్కడ చేతివాని మొదటి పని. ఈ విషయము జి-కోడ్‌లో వ్రాయుటకు చోటు లేదు.

పచ్చిపలకను ఎన్నడును చెక్కరాదు. కొయ్య తేమను పీల్చి అడ్డముగా ఉబ్బును, ఆరి అడ్డముగా కుదించుకొనును. పొడవున మార్పు బహుస్వల్పము. ఒక ముఖమును మాత్రము లోతుగా చెక్కినప్పుడు రెండు ముఖములు సమముగా ఆరక పలక దొప్పవలె వంగును. కావున పలకను తగిలింపబోవు గదిలోనే కొన్ని వారములు నిలువబెట్టి, పిమ్మట చిత్రిక పట్టి, తరువాత యంత్రమునకు ఇయ్యవలెను.

ఇప్పుడు మీ కాగితముపై పీతను మరల చూడుడు. మొదటి వరుసలోని మూడవ గడియు, రెండవ వరుసలోని నాలుగవ గడియు ఎట్లు కలిసియున్నవి? మూల మూలను తాకినది, అంతే. పక్కకు పక్క ఆనలేదు. కుడివైపున తొమ్మిది, ఎనిమిది గళ్లును అట్లే. క్రింద ఏడవ వరుసలోని కాళ్లును, ఎనిమిదవ వరుసలోని పాదములును అట్లే. మొత్తము నాలుగు చోట్ల బొమ్మ మూలలతో మాత్రమే ముడిపడియున్నది. తెరపై వెలుగుచుక్కలకు ఇది చాలును. కన్ను వానిని కలుపుకొనును. కొయ్యకు ఇది చాలదు. ఈ పీతను రంపముతో కోసి విడిగా తీసినచో, మీసముల కొనలును పాదములును రాలి క్రిందపడును.

ఆట చేసినవాడు తెరకు తగినట్లు గీసెను. మనము కొయ్యకు తగినట్లు మార్చుకొనవలెను. అందుచే పీతను విడిగా కోయక, పలకపైననే ఎత్తుగా నిలిపి, చుట్టునున్న నేలను 6 మిల్లీమీటర్ల లోతునకు దింపుదుము. ఒక్కొక్క గడి 20 మిల్లీమీటర్ల చదరము. పీత 220 మిల్లీమీటర్ల పొడవు, 160 మిల్లీమీటర్ల ఎత్తు. దాని చుట్టును ఒక గడి వెడల్పున నేల. ఆ నేల చుట్టును 20 మిల్లీమీటర్ల చట్రము. నేల 13 గళ్లు అడ్డము, 10 గళ్లు నిలువు; వెరసి 130 గళ్లు. అందులో 46 పీతవి. దింపవలసినవి 84 గళ్లు. పొట్టుగా పోవునది సుమారు 200 ఘన సెంటీమీటర్ల కొయ్య.

పలకను బల్లపై బిగింపవలెను. బిగింపు పట్టీలు బిట్టు పోవు దారిలో ఉండరాదు. పలక ఎడమ దిగువ మూలను సున్నగా గుర్తింపవలెను. ఎత్తును సరిచూచుటకు పాత ఉపాయమొకటి కలదు: పలకకును బిట్టునకును నడుమ ఒక కాగితపు ముక్క నుంచి, బిట్టును కొంచెము కొంచెముగా దింపుచు, కాగితము లాగినప్పుడు పట్టుకొనిన చోట ఆపవలెను. ఆ సున్నను గోడపై పెన్సిలుతోనైనను వ్రాసియుంచుకొనుడు. నడుమ విద్యుత్తు పోయినచో, అడుగులు లెక్కపెట్టు ఈ మోటార్లు తామెక్కడ నున్నవో మరచిపోవును. సున్న తెలిసినచో పని మరల మొదలుపెట్టవచ్చును. తెలియనిచో పలక చెడును.

బిట్టు వ్యాసము 6 మిల్లీమీటర్లు, రెండు అంచులది. నారను క్రిందికి నొక్కుచు కోయు జాతి బిట్టు అయినచో పైఅంచు చీరుకొనక శుభ్రముగా వచ్చును. 6 మిల్లీమీటర్ల లోతును ఒక్కసారిగా కాక, 2 మిల్లీమీటర్ల చొప్పున మూడు పొరలుగా తీయవలెను. కదురు నిమిషమునకు 18000 చుట్లు తిరుగుచుండగా, బిట్టు నిమిషమునకు 1800 మిల్లీమీటర్లు నడచినదనుకొందము. రెండంచుల బిట్టు గనుక నిమిషమునకు 36000 కోతలు. ఒక్కొక్క కోతకు 0.05 మిల్లీమీటరు కొయ్య. చిన్న యంత్రములు ఇంత భారమును ఓర్వవు. వానికి పొర మందము తగ్గింపవలెను. గాని నడకను మరీ మందము చేయుట మంచిది కాదు. బిట్టు ముందునకు పోక ఒకేచోట తిరిగినచో కోయుట మాని రాచును. రాచిన చోట వేడి పుట్టి కొయ్య మాడును. చక్కని పేళ్లు రాలుచున్నవా, మెత్తని పిండి రాలుచున్నదా, మాడిన వాసన వచ్చుచున్నదా — కన్నును, ముక్కును, చెవియును కావలి కాయవలెను. వడ్రంగి చెవికి పదునుపోయిన రంపపు ధ్వని తెలియునట్లే, కొలది దినములలో బిట్టు ధ్వనియు తెలియవచ్చును.

ఈ లెక్కచొప్పున మూడు పొరలును 20 నిమిషములకు కొంచెము హెచ్చుగా పట్టును. యంత్రము ఆగినది. పొట్టు ఊదివేసి చూతుము. పీత నిలిచియున్నది, నేల సమముగా నున్నది, అంచులు తిన్నగా నున్నవి. కాని మూలలు చూడుడు.

చదరపు గళ్లతో అల్లిన బొమ్మ ఇది. దాని అందమంతయు మూలల పదునులో నున్నది. బిట్టు గుండ్రనిది, తిరుగుచు కోయునది. గుండ్రని వస్తువు లోపలి మూలలోనికి పోజాలదు. 6 మిల్లీమీటర్ల బిట్టు ప్రతి లోపలి మూలయందును 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధము గల వంపును విడిచిపోవును. మూలకును వంపునకును నడుమ, అడ్డగీటువెంబడి కొలిచినచో, సుమారు 1.2 మిల్లీమీటర్ల కొయ్య మిగిలియుండును. బిట్టును సన్నము చేసినకొలది ఈ శేషము తగ్గును గాని, సున్న కాదు. ఈ తిరుగు బిట్టుతో నిలువు గోడల నడుమ పదునైన లోపలి మూల రాదు. దీనికి యంత్రము ఖరీదుతో సంబంధము లేదు.

కన్నులకు నాలుగేసి చొప్పున ఎనిమిది మూలలు. తలయొద్ద, చేతుల సందులలో, కాళ్ల నడుమ పదునాలుగు. చట్రమునకు నాలుగు. వెరసి 26 మూలలు. ఈ 26 మూలలును చేతి ఉలివి.

పది మిల్లీమీటర్ల తిన్నని ఉలిని బాగుగా నూరి పదును పెట్టుడు. ముందుగా నారకు అడ్డముగా నున్న అంచున ఉలిని నిలువుగా ఆనించి, మెల్లగా నొక్కి పోగులను తెంపవలెను. తరువాతనే నార వెంబడి నున్న అంచును కోయవలెను. ఈ వరుస తప్పరాదు. నార వెంబడి మొదట ఉలి పెట్టినచో చీలిక మూల దాటి పీత శరీరములోనికి పరుగెత్తును. సుత్తితో పనిలేదు, అరచేతి బలము చాలును. మూలకు ఒకటి రెండు నిమిషములు పట్టును. యంత్రము 84 గళ్లను దింపినంత సేపు 26 మూలలకు పట్టునన్నచో ఆశ్చర్యపడకుడు.

అయితే మూలలు 26 మాత్రమే కావు. మీసములయొద్దను, పాదములయొద్దను గళ్లు మూలలతో మాత్రము తాకుచున్న నాలుగు చోట్లు కలవని చెప్పితిమి. ఒక్కొక్క చోట రెండేసి లోపలి మూలలు, మొత్తము ఎనిమిది. అక్కడ ఉలి పెట్టరాదు. ఏలయన, బిట్టు గుండ్రనిదగుటచే ఆ రెండు వంపులును కలిసి, రెండు గళ్ల నడుమ సుమారు 2.5 మిల్లీమీటర్ల సన్నని మెడను విడిచినవి. మూల మూలను తాకిన చోట కొయ్యకు ఆ మెడయే బంధము. మీసపు కొన పలకకు అంటియే యున్నను, ఆ మెడ లేనిచో పదునైన కొన దులుపుగుడ్డ తగిలినంతనే పెచ్చురాలును. తక్కిన 26 చోట్ల లోపమనిపించినది ఇక్కడ రక్షణమైనది. ఎచ్చట దిద్దవలెనో, ఎచ్చట దిద్దక విడువవలెనో యంత్రమునకు తెలియదు. నిషికాడో తన గణకఖండపు మందగమనమును విడిచినట్లు, మనము ఈ నాలుగు మెడలను విడుతుము.

ఇక రంగు. ఆ ఆట మొదటి పెట్టెలలో తెర నలుపు తెలుపులదే. గాజుపై రంగు కాగితపు పట్టీలు అంటించి రంగు చూపెడివారు. మనకును రెండు వర్ణములు చాలును: నేల నలుపు, పీత టేకు రంగు. ముందుగా స్పిరిటులో కరగించిన లక్కను పలకయంతటికి పలుచగా పూయుడు. పోగుల నోళ్లు మూసికొనును. లేనిచో నల్లరంగు నార వెంబడి ప్రాకి అంచులు మసకబారును. లక్క ఆరిన పిదప నేలకు నల్లరంగు వేయుడు. పీత పైముఖమునకు అంటినను చింతలేదు. రంగు ఆరిన పిదప సమమైన కొయ్యముక్కకు ఉప్పుకాగితము చుట్టి పైముఖమును నార వెంబడి రాచుడు. పైనున్న రంగు పోయి టేకు బయటపడును. నేలలోని నలుపు నిలిచియుండును. తుదకు ముందు ముఖమునకు ఎన్ని పూతలు పూసితిమో వెనుక ముఖమునకు అన్నియే పూయవలెను. వెనుకవైపు ఎవరు చూతురని విడిచినచో, వానకాలమున ఆ వైపుననే తేమ చేరి పలక వంగును.

ఇంటియందు ఈ పని పెట్టుకొనువారు జాగ్రత్తలు ఎరుగవలెను. కొయ్యధూళి క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1995లోనే నిర్ణయించినది. కావున ముక్కునకు మంచి మాస్కు, ధూళిని అక్కడికక్కడ పీల్చు యంత్రము తప్పనిసరి. కన్నులకు అద్దములు, చెవులకు రక్షణ కావలెను. వ్రేలాడు పైట, జారు కండువా, విరబోసిన జుట్టు తిరుగు కదురు దరిదాపులకు రారాదు. నిప్పు భయముచే యంత్రము నడచుచుండగా మనుష్యుడు గది విడిచిపోరాదు. పిల్లలు చూడవచ్చును, కదురు పూర్తిగా ఆగువరకు చేయి పెట్టరాదు. వంటిల్లు, పడకగది ఈ పనికి తగవు.

ఇక న్యాయమునకు సంబంధించిన మాటలు రెండు. ఈ రూపములు ఒకరి సృష్టి. వానిపై హక్కుదారులు కలరు. అనుమతి లేక చేసి అంగడిలో అమ్ముట తగదు. రెండవది ఇంతకంటె దగ్గరిది. యంత్రముపై చెక్కిన దానిని చేతితో చెక్కినదని చెప్పి అమ్మినచో, కొనువాడు మోసపోవుట యటుంచి, నిజముగా చేతితో చెక్కిన కుటుంబము కూడు పోవును. పది దినములు కూర్చుండి చెక్కినవానిని, అరగంట నడచిన యంత్రముతో వెలలో పోటీపడుమనుట అన్యాయము. వస్తువుపై ఏది యంత్రపు పనియో, ఏది చేతి పనియో స్పష్టముగా చెప్పవలెను. అట్లు చెప్పినచో రెండింటికిని తగిన వెల, తగిన గౌరవము నిలుచును.

యంత్రమనగానే శిల్పికి శత్రువని మేము తలపము. ఏటికొప్పాక బొమ్మలను చూడుడు. అంకుడు కర్రను తరిమెనపై తిప్పుచు, ఉలితో రూపుదిద్ది, ఆ తిరుగుటలో పుట్టు వేడితోనే లక్కరంగును అద్దుదురు. తరిమెనయు యంత్రమే. అది వచ్చినంత మాత్రమున అక్కడ చేతికి పని పోలేదు. ఉలిని ఎంత ఆనించవలెను, లక్కను ఎప్పుడు తాకించవలెను అను తెలివి చేతిలోనే నిలిచినది. ఏలయన వారు తరిమెనను లోపల బయట ఎరిగి, అది చేయలేని దానిని తాము చేసిరి. భయపడవలసినది యంత్రమును గూర్చి కాదు; ఉలి పట్టనెరుగని చేతికి యంత్రము దొరకుటను గూర్చి. ఆ చేతికి 26 మూలలు కనబడవు. గుండ్రని మూలలతోనే ఫలకము గోడకెక్కును. చూచువారు ఏదియో లోటు కలదందురు, ఏదియో చెప్పలేరు.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము. మీ అబ్బాయియో అమ్మాయియో వీడియో ఆటలోని బొమ్మను కొయ్యపై చెక్కుదునన్నచో కాదనకుడు. ఆటయే గదా యని చులకన చేయకుడు. గళ్లు లెక్కించుట, కొలతలు వేయుట, కొయ్య జాతిని ఎరుగుట, నార వాలు చూచుట — ఇవి యన్నియు చదువే. అయితే యంత్రము మీట నొక్కకముందు, ఊరిలోని వడ్రంగి యొద్ద కొన్నాళ్లు కూర్చుండబెట్టుడు. ఉలి నూరుట, చిత్రిక పట్టుట, నారకు అడ్డముగా తెంపుట నేర్వనిండు. ఆ వడ్రంగికి తగిన ప్రతిఫలమును ఇండు. ఆ పెద్దకు అంకెల భాష రాకపోవచ్చును. పిల్లవానికి కొయ్య భాష రాకపోవచ్చును. ఒకే పలక ముందు ఇద్దరును కూర్చుండిననాడు, పీత మూలలు పదునుగా వచ్చును.

కాగితముపై గళ్లు నింపినవారు దానిని పారవేయకుడు. పలక దొరకిన దినమున పనికి వచ్చును. సెలవు.